గాలిమరకు కట్టిన చెప్పు

కోపం నాకు చాలామంది మీద వచ్చింది, పోయింది. జాలి కూడా అంతే. కుళ్లుకున్నది మాత్రం జన్మలో ఒక్కరి మీదే. మొన్న శుక్రవారం ఆవిడ పోయిన నలభయ్యో రోజు. వాళ్లింటికి వెళ్లి వచ్చిన దగ్గర్నుంచి నాకు కుదురు లేదు, అందుకే ఇది రాస్తున్నాను. ఆవిడ పేరు రాయను. పేరుపెట్టి రాస్తే పొగిడినట్టు ఉంటుంది. అంత పెద్దమనసు నాకింకా రాలేదు.

భవానీపురంలో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక్కటే గోడ. నేను ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచర్ని. వాళ్లాయన ఆటోనగర్‌లో లారీలకు కరెంటు పని చేసేవాడు. వీధిలో అందరూ ఆయన్ని భాయ్ గారనేవాళ్లం. కాలిపోయిన డైనమోలు గోనెసంచిలో వేసుకుని సాయంత్రం ఇంటికి తెచ్చేవాడు. వాటిలో పాత తీగ పీకేసి కొత్త రాగితీగ చుట్టే పని ఆవిడది. "మావారి వేళ్లు అందులో దూరవండీ, అందుకే నన్ను చేసుకున్నారు" అని నవ్వేది.

వరండాలో చాప మీద కూర్చుని, తీగ కొస పళ్ల మధ్య పట్టుకుని, చుట్లు ఉర్దూలో లెక్కపెట్టుకుంటూ పని చేసేది. ఆ లెక్క మధ్యలో ఎవరొచ్చినా చూపుడువేలు పైకెత్తేది, ఆగమని. ఇంటి ఓనరైనా పాలవాడైనా ఆ వేలు ముందు నిలబడాల్సిందే. లెక్క పూర్తయ్యాక అంకె గోడ మీద సుద్దముక్కతో రాసి, నోట్లోంచి తీగ తీసి, "ఆఁ, ఇప్పుడు చెప్పండి" అనేది. నేను గుమ్మంలో కనిపిస్తే క్లాసులో పిల్లలందరూ లేచి నిలబడేవారు. ఆవిడ గుమ్మంలో నేను నిలబడేదాన్ని, ఒక వేలి ముందు. ఎనిమిదో తరగతితో బందర్లో చదువు ఆపేసిన మనిషి ముందు.

తొంభైల మధ్యలో ఎండాకాలం వచ్చిందంటే మాకు సాయంత్రం ఆరింటికి కరెంటు పోయేది. ఎనిమిదింటికి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అలాంటి ఒక వేసవిలో వాళ్ల మేడ మీద ఇనప పైపు లేచింది. దాని నెత్తిన పాత కారు డైనమో. నీళ్ల పైపు నిలువునా కోసి చేసిన మూడు రెక్కలు. గాలి ఎటు వీస్తే అటు తిరగడానికి వెనక ఒక రేకు తోక. ఆ రేకు భాయ్ గారి షాపు పాత బోర్డు. "ఇచ్చట బ్యాటరీలు చార్జింగ్ చేయబడును" అని ఉండేదట. తోకకు సరిపడా కోస్తే మిగిలింది "చేయబడును" ఒక్కటే. కృష్ణ వైపు నుంచి గాలి వచ్చినప్పుడల్లా ఆ మాట మా మేడ వైపు తిరిగి నిలబడేది.

"తిరుగుతుంది గానీ వెలగదు" అని మా ఆయనతో అన్నాను. కారు డైనమో ఇంజిను వేగంతో తిరిగితేగానీ కరెంటు పుట్టదు. ఏటి గాలికి అంత వేగం ఎక్కడిది? నా లెక్కలో తప్పులేదు. కానీ ఆవిడ ఆ డైనమోలో లావు తీగంతా తీసేసి, సన్న తీగ ఎక్కువ చుట్లు చుట్టింది. చుట్లు పెరిగితే నిదానంగా తిరిగినా సరిపడా ఓల్టేజీ పుడుతుంది. ఈ ముక్క పదిహేనేళ్లుగా నల్లబల్ల మీద రాస్తున్నది నేను. ఒక్కనాడూ నా చేత్తో పది చుట్లు చుట్టి చూసిన పాపాన పోలేదు.

మూడో రోజు సాయంత్రం వీధంతా చీకట్లో ఉంటే వాళ్లింట్లో రెండు బల్బులు వెలిగాయి. స్కూటరుకి పెట్టే చిన్న బల్బులు. వంటింట్లో ఒకటి, వరండాలో ఒకటి. మా ఆయన పిట్టగోడ మీద మోచేతులు ఆనించి చాలాసేపు చూసి, "నువ్వు బోర్డు మీద గీస్తావు, ఆవిడ మేడ మీద తిప్పుతుంది" అన్నాడు. హాస్యానికే అన్నాడు. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడే వాళ్లింటికి వెళ్లాను. అభినందించడానికని ఆవిడ అనుకుని ఉంటుంది. నేను వెళ్లింది పాఠం చెప్పడానికి. వేలు దిగేదాకా నిలబడి, ఆ తర్వాత అయస్కాంతం, తీగచుట్ట, విద్యుత్తు ఎలా పుడుతుంది, అన్నీ వరసగా వల్లించాను. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని, పరీక్షకి కూర్చున్న పిల్లలా విన్నది. అంతా అయ్యాక అడిగింది:

"ఎంత బాగా చెప్పారండీ! మావారు ఇట్టా చెప్పమంటే విసుక్కుంటారు. అయితే టీచర్ గారూ, చుట్లు ఎక్కువ కావాలంటే తీగ సన్నం చేయాలి కదా. మరీ సన్నమైతే వేడెక్కి కాలిపోద్ది. ఎక్కడ ఆపాలండీ?"

ఎక్కడ ఆపాలో నాకు తెలియదు. "అది పెద్ద క్లాసుల్లో వస్తుందండీ" అన్నాను.

"పోన్లెండి. రెండుసార్లు కాలబెట్టాను, మూడోసారి నిలబడింది" అని నవ్వి, నాకు టీ పెట్టడానికి లేచింది.

పొగరున్న మనిషైతే నాకింత బాధ ఉండేది కాదు, తిట్టుకునేదాన్ని. ఆవిడకు ఆ గుణమే లేదు. గాలి లేని రోజు బల్బులు వెలక్కపోతే ఏ సిగ్గూ లేకుండా కిరసనాయిలు బుడ్డి ముందు కూర్చునేది. ఎవరైనా అడిగితే, "గాలి మనింటి పనిమనిషి కాదు కదండీ, పిలవగానే రావడానికి. వచ్చినప్పుడే పని చెప్పుకోవాలి" అనేది. సాయంత్రం అయిదింటికల్లా మేడెక్కి, పైటకొంగు రెండు వేళ్లతో పట్టుకుని చేయి చాచి నిలబడేది. కొంగు ఎంత లేచిందో చూసి, ఆ పూట ఎంతసేపు వెలుగుతుందో చెప్పేది. దాదాపు అంతసేపే వెలిగేది. మా మేడ మీద ఆకు కదలని రోజు నాకు పండగ. ఒళ్లంతా చెమట కారుతుంటే లోపల చల్లగా ఉండేది. బెజవాడ ఎండల్లో గాలి రాకూడదని మొక్కుకున్న మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ రెండు బల్బుల కోసం నేను అంతగా ఏడవలేదు. నా ఏడుపు మాధవి కోసం. నాకు ఒక్కతే కూతురు. అప్పుడు దానిది పదో తరగతి. ఏది తెలియకపోయినా "మా అమ్మనడుగుతా" అనే పిల్ల. దాని కళ్లకి నేనే పెద్దదాన్నిగా ఉండాలని తప్ప నాకు వేరే కోరిక లేదు. కరెంటు పోగానే ఆ పిల్ల పుస్తకాలు పట్టుకుని గోడ దాటి వాళ్ల వరండాలోకి వెళ్లడం మొదలుపెట్టింది. ఆవిడ ఆ బల్బు వీధి పిల్లలకే వదిలేసి తను వంటింటి వెలుతురులో పని చేసుకునేది. నేను బీసెంట్ రోడ్డుకి వెళ్లి ఎమర్జెన్సీ లైటు కొనుక్కొచ్చాను. మాధవి రెండు రోజులు మొహమాటానికి దాని ముందు కూర్చుంది. మూడో రోజు ఆ లైటు అరగంటకే ఎర్రబడి ఆరిపోయింది. మాధవి మళ్లీ గోడ దాటింది. వెనకే మా ఆయన కూడా, "కాస్త గాలికి కూర్చుంటా" అంటూ.

ఓ రోజు ఏదో అడుగుదామని మాధవి గదిలోకి వెళితే, అది పుస్తకంలోంచి తలెత్తకుండా చూపుడువేలు పైకెత్తింది. ఆగమని. నేను ఆగాను. ఆ వేలు ఎవరిదో నాకు తెలుసు.

తర్వాతి వేసవిలో పేపరాయన వచ్చాడు. ఆవిణ్ణి గాలిమర పక్కన నిలబెట్టి ఫొటో తీసుకెళ్లాడు. ఆదివారం పేపర్లో పడింది. నేను పిల్లలతో రెండుసార్లు సైన్సు ఎగ్జిబిషన్‌కి వెళ్లి బహుమతి తెచ్చాను, ఏ పేపరూ రాలేదు. ఫొటో పడ్డాక మంగళగిరి నుంచి, ఇబ్రహీంపట్నం నుంచి కూడా జనం వచ్చి చూసిపోయారు. వచ్చినవాళ్లందరూ తలెత్తి రెక్కల వంకే చూసేవారు. దాంతో భాయ్ గారికి భయం పట్టుకుంది. ఆటోనగర్‌లో కొత్త లారీ షెడ్డులోంచి బయటికి వస్తే ముందు కట్టేది పాత చెప్పు, నల్ల కుచ్చు. దిష్టి తగలకూడదని. అలాంటి చెప్పొకటి తెచ్చాడు. లారీకి బంపరు మీద కడతారు. గాలిమరకు బంపరు లేదు కదా. "అందరి కళ్లూ పడేది రెక్కల మీదే, రెక్కకే కట్టాలి" అని ఇద్దరూ కలిసి తేల్చారు. ఆవిడే నిచ్చెనెక్కి, ఒక రెక్క మొదట్లో చెప్పూ కుచ్చూ కలిపి తీగతో గట్టిగా బిగించింది.

ఆ సాయంత్రం మా మేడ మీద వడియాలు తీస్తూ విన్నాను. టక్. మళ్లీ టక్. తిరిగిన ప్రతిసారీ ఒక టక్. పైపు కొస సన్నగా ఊగుతోంది. మూడు రెక్కల్లో ఒకదానికి చెప్పెడు బరువు ఎక్కువైంది. నిదానంగా తిరిగినంతసేపు ఫరవాలేదు. వేగం పెరిగేకొద్దీ ఆ బరువు రెక్కనీ ఇరుసునీ పట్టి లాగేస్తుంది. గట్టి గాలొకటి వస్తే ఊడి పడుతుంది. ఇది చెప్పడానికి నాకు పుస్తకం అక్కర్లేదు. ఆవిడకు తెలియనిది, నాకు తెలిసినది, చివరికి ఒకటి దొరికింది. గోడ దగ్గరికి వెళ్లి ఒక్క మాటంటే సరిపోయేది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనతో అన్నాను, "ఆ చెప్పు బరువుకి వాళ్ల గాలిమర ఎన్నాళ్లో నిలవదు" అని.

"మరి చెప్పొచ్చుగా?"

"అడిగితే చెప్తా. అడక్కుండా చెప్పడానికి నేనేమన్నా వాళ్లింటి జీతగత్తెనా?"

నాలుగు రోజులు మేడెక్కి చూశాను. బట్టలు ఆరేసే వంకతో, ఆరిన బట్టలు తీసే వంకతో. ఆవిడ కింద నుంచి కనిపిస్తే, "బాగున్నారా టీచర్ గారూ" అనేది. నేను తలూపేదాన్ని. అయిదో రోజు మధ్యాహ్నం మూడింటికి పడమట మబ్బు పట్టి గాలిదుమారం లేచింది. టక్ టక్‌లన్నీ కలిసిపోయి ఒకటే రొద అయింది. తర్వాత పెళ్లుమని చప్పుడు. ఒక రెక్క, దానికి కట్టిన చెప్పుతో సహా, గోడ దాటొచ్చి మా నీళ్ల ట్యాంకు మీద పడింది. ట్యాంకు పగిలి మేడంతా నీళ్లు. అంతకుముందు పావుగంట సేపు ఆ ట్యాంకు నీడలోనే కూర్చుని మాధవి చదువుకుంది. గాలికి కాగితాలు ఎగురుతున్నాయని కిందికి దిగింది.

ఆవిడ మా మెట్లు పరుగున ఎక్కొచ్చింది. చెప్పులు కూడా లేవు. రెక్క వంక చూడలేదు. "ఎవరికన్నా తగిలిందా? మాధవేదీ?" అని అరిచింది. మాధవి చీపురుతో నీళ్లు తోయడానికి వస్తూ కనిపించాకగానీ ఆవిడ రెక్క దగ్గరికి వెళ్లలేదు. తడిసిన చెప్పు చేతిలోకి తీసుకుని చూసి చెప్పింది:

"తప్పు నాదేనండీ. బరువు సంగతి తోచలేదు. చప్పుడు తేడాగా ఉందని రెండో రోజే అనుకున్నా. కానీ మీరు రోజూ మేడెక్కి చూస్తున్నారు కదా. టీచర్ గారు చూస్తున్నారు, ఏదన్నా ఉంటే చెప్తారులే, ఏమీ అనట్లేదంటే బాగానే ఉందని ధైర్యంగా ఉన్నా."

ఎత్తిపొడుపేమోనని మొహంలోకి చూశాను. కాదు. నిజంగానే అన్నది. నా ఏడుపుగొట్టు చూపును నమ్ముకుని నాలుగు రోజులు నిశ్చింతగా పడుకున్న మనిషి.

"నేను గమనించలేదండీ" అన్నాను.

మాధవి నా వైపు చూసింది. చీపురు గోడకి ఆనించి కిందికి దిగిపోయింది. ఆ సాయంత్రం కరెంటు పోగానే వాళ్లింటికి వెళ్లింది. బల్బు లేకపోయినా వెళ్లింది. వచ్చాక నన్నేమీ అడగలేదు. నేనూ అడగలేదు. చెప్పు కట్టిన రోజు రాత్రి భోజనాల దగ్గర నేనన్న మాట అది విన్నదో లేదో తెలుసుకునే ధైర్యం నాకు ఎన్నేళ్లయినా రాలేదు.

ఆవిడ కొత్త రెక్కలు కోసింది. ఈసారి చెప్పు కట్టలేదు. పైకెక్కించే ముందు మూడు రెక్కలూ వరండాలో పరిచి, నాకు కబురు పెట్టింది. "ఒకసారి చూసి తప్పులుంటే చెప్పండి టీచర్ గారూ, మీరు చూడందే ఎక్కించను" అంది. అది మొదలు. ప్రతి వేసవి ముందూ గాలిమర దించి బాగుచేయడం, నన్ను పిలవడం. నేనేం తక్కువ తినలేదు. చేపలో ముల్లు ఏరినట్టు తప్పులు ఏరాను. ఈ రెక్క అర వేలు పొడుగు. ఆ బోల్టు పల్చన. వైరు పైపుకి రాసుకుంటోంది, తొక్క ఊడిపోతుంది. చెప్తుంటే నాకు ఎంత హాయిగా ఉండేదో! ఆవిడ ఒక్కొక్కటే సుద్దతో గోడ మీద రాసుకుని, ఒక్కొక్కటే సరిచేసేది. ఏటికేడాది ఆ గాలిమర చప్పుడు తగ్గింది, వెలుగు పెరిగింది. కొన్నాళ్లకి దాంతోనే చిన్న ఫ్యాను కూడా తిరిగింది. నా కుళ్లు తిని అది బలిసింది.

మాధవి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ తీసుకుంది. "అమ్మ టీచరు కదా, అమ్మ చెప్పిందా?" అని చుట్టాలు అడిగితే, "లేదండీ, మా పక్కింటి ఆంటీని చూసి" అంది నా ముందే. నేను నవ్వుతూ వాళ్లకి కాఫీలిచ్చాను. ఇప్పుడది గుడివాడలో ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసే వర్క్‌షాపులో ఇంజినీరు. ఆవిడ జబ్బుపడిన ఆర్నెల్లూ ప్రతి ఆదివారం వచ్చి, ముందు ఆ ఇంటికి వెళ్లి, తర్వాత మా ఇంటికి వచ్చేది. పోయిన రోజు అది ఏడ్చిన ఏడుపు చూసి, నేను పోతే ఇలా ఏడుస్తుందా అని ఆలోచించాను. ఆ సమయంలో ఆలోచించాల్సిన మాటేనా అది? ఆలోచించాను.

మొన్న శుక్రవారం నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనకి మాధవీ నేనూ వెళ్లాం. కింద జనం, వంటలు. మాధవి నన్ను వాళ్ల మేడ మీదికి తీసుకెళ్లింది. ఇన్నేళ్లలో ఆ మేడ నేనెక్కడం అదే మొదలు. గాలిమర తిరుగుతోంది. తోక మీద రంగు వెలిసి "చేయబడును" సగం కూడా కనపడ్డం లేదు. అక్కడి నుంచి చూస్తే మా మేడ, మా బట్టల తీగ, నేను నాలుగు రోజులు నిలబడ్డ చోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి.

నోరు దానంతటదే తెరుచుకుంది. "మాధవీ, ఆ రోజు రెక్క విరుగుతుందని నాకు ముందే తెలుసే" అన్నాను.

"తెలుసమ్మా" అంది. "ఆంటీకీ తెలుసు."

"ఆవిడకెట్లా?"

"నేనే చెప్పా, ఆ సాయంత్రమే. 'మా అమ్మకి తెలుసాంటీ, అడిగితే చెప్తానంది నాన్నతో' అన్నా. నాకు నీ మీద అంత కోపంగా ఉంది. ఆంటీ లేచి కిరసనాయిలు బుడ్డి వెలిగించి తెచ్చింది. తర్వాత, 'అయితే నాదే తప్పమ్మా, నేను అడగలేదు కదా. ఇకనుంచి అడుగుదాం' అంది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది."

పదేళ్లు. ప్రతి వేసవి ముందూ పిలిచి, తెలిసే పిలిచి, తప్పులు చెప్పమని నా ముందు రెక్కలు పరిచింది. నాకు సిగ్గు వేయాలి. వేసింది, కానీ తర్వాత. ముందు వేసింది పాత కుళ్లే. ఇందులోనూ నన్ను గెలవనివ్వలేదు ఆవిడ. పోయేముందైనా ఒక్క మాట దెప్పి ఉంటే సమానమయ్యేవాళ్లం.

మాధవి ఇంకేదో చెప్పబోతుంటే చూపుడువేలు పైకెత్తాను. ఎత్తాకగానీ నాకు తెలియలేదు, నా వేలు అలా లేచిందని. చప్పుడు వింటున్నాను. రెండు తిరుగుళ్లు సాఫీగా ఉన్నాయి. మూడోదానికి ఒక చిన్న గీరు. మళ్లీ రెండు సాఫీగా, మళ్లీ గీరు. ఈ ఏడు వేసవి ముందు దాన్ని ఎవరూ కిందికి దించలేదు. నన్నెవరూ పిలవలేదు. పిలిచే మనిషి అప్పటికే మంచంలో ఉంది.

గబగబా మెట్లు దిగాను. మోకాళ్ల నొప్పి గుర్తే రాలేదు. భాయ్ గారు విస్తళ్ల మధ్య గరిటె పట్టుకుని వంగి వడ్డిస్తున్నాడు. బంధువులందరి ముందే అన్నాను:

"భాయ్ గారూ, ఆ గాలిమర రేపే దించేయండి. ఇరుసు అరిగింది. గట్టి గాలొస్తే నిలవదు. ఈలోపు మేడ మీదికి పిల్లల్ని ఎవరినీ పోనివ్వకండి."

ఆయన గరిటె పక్కన పెట్టి నిటారుగా నిలబడ్డాడు. కళ్లు తడిగా ఉన్నాయి. "ఈసారి మిమ్మల్ని పిలిచి అడగడమే మర్చిపోయా టీచర్ గారూ. ఆవిడుంటే అడిగేది" అన్నాడు.

"మీరు అడక్కపోయినా చెప్తున్నాను" అన్నాను.